నలుగురికి చాలే ఇల్లు

బేతంచెర్ల నుంచి నాపరాళ్ల గనుల వైపు పోయే బండిబాటలో కోసెడు దూరం నడిస్తే సున్నపుగుంట అనే చిన్న వాడ వస్తుంది. అక్కడివాళ్లంతా గనుల్లో పనిచేసేవాళ్లు, అంతా క్రైస్తవులు. ఇళ్ల గోడలు బండలే, పైకప్పులు బండలే. వాడ చివరనున్న గుడి కూడా, పని లేని రోజుల్లో వాళ్లే మోసుకొచ్చిన బండలతో కట్టుకున్నది. గుడి ముందు నిలబెట్టిన రెండు రాతి కూసాల మధ్య రైలు పట్టా ముక్క ఒకటి వేలాడుతుండేది. గుళ్లో ప్రార్థనలు నడిపే ఉపదేశి దాసన్న దాన్ని ఇనుప చువ్వతో మోగిస్తే ఆరాధనకు వేళ అయినట్టు.

ఆ వాడలో ఎలిసమ్మ, సువార్తమ్మ అనే అత్తాకోడళ్లు ఒకే ఇంట్లో ఉండేవారు. ఇద్దరికీ భర్తలు లేరు. ఎలిసమ్మ భర్త ఎప్పుడో పోయాడు. ఆమె ఒక్కగానొక్క కొడుకు జకరయ్య, అంటే సువార్తమ్మ పెనిమిటి, కరువు మొదలైన ఏడు కలరా గత్తర తగిలి పోయాడు. వాళ్లకు పిల్లలు కలగలేదు. భూస్థాపన అయిన వారానికి జమ్మలమడుగు నుంచి సువార్తమ్మ అన్న బండి కట్టుకుని వచ్చాడు.

"నువ్వింకా చిన్నదానివి. ఈడ ఏం చూసుకొని ఉంటావు? మనింటికి పోదాం రా" అన్నాడు.

సువార్తమ్మ అతనికి సంగటి పెట్టి, ఎద్దులకు నీళ్లు చూపి, "మా అత్త ఒక్కతే అయిపోతాదన్నా" అని చెప్పి పంపేసింది.

గోడ అవతల ఉన్న ఎలిసమ్మ ఆ మాట విన్నది. విన్నట్టు ఎవరికీ చెప్పలేదు. ఆమె తిట్లు వాడంతా వినిపించేవి గానీ, మెచ్చుకోలు మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోయేది. ఆ సాయంత్రం కూడా, "పొయ్యి మీద ఎసరు ఇగిరిపోతాంటే గోడ పట్టుకొని నిలబడినావేమ్మే" అని కోడలిని కసురుకుంది. తర్వాత చీకట్లో ముసుగు పెట్టుకుని ఏడ్చింది.

అట్లా రెండేళ్లు గడిచాయి. సువార్తమ్మ గనికి పోయి రాళ్ల గంపలు మోసేది. ఎలిసమ్మ ఇల్లు చూసుకునేది. ఉప్పు గురించి, పిడకల గురించి, తలుపు గడియ గురించి రోజూ ఏదో ఒక పోట్లాట. వినేవాళ్లకు అది పోట్లాట. వాళ్లిద్దరికీ అది మాట్లాడుకోవడం.

1953 ఎండాకాలం అందరినీ వంచింది. వానలు మొహం చాటేసి మూడో ఏడు నడుస్తోంది. పైరు లేదు, గనుల్లో పని అంతంత మాత్రం. బేతంచెర్లలో గంజి కేంద్రం పెడితే చుట్టుపక్కల పల్లెలన్నీ అక్కడే వరస కట్టాయి. సువార్తమ్మకు గనిలో తోడుగా పనిచేసే గిడ్డమ్మది పక్క పల్లె. వాళ్లు వ్యవసాయం చేసుకునే హిందువులు. చేను ఎండిపోయాక ఆమె కూడా గంప పట్టింది. ఇద్దరూ కలిసి గంజికి పోయి, కలిసి తిరిగొచ్చేవారు. దారిలో గిడ్డమ్మ తన దేవుణ్ణి తిట్టేది. "మీ దేవుడైనా పలుకుతాడేమో అడిగి చూడు సువార్తా" అనేది. "ఇద్దరం అడుగుదాంలే" అనేది సువార్తమ్మ.

ఆ రోజుల్లోనే ఇస్రాయేలు సంగతి మొదలైంది.

ఇస్రాయేలు అదే వాడ మనిషి. బండ పొర విడదీయడంలో చెయ్యి తిరిగినవాడు. ఎంత పెద్ద బండనైనా ఎత్తుతాడు గానీ పది మాటలు వరసగా మాట్లాడలేడు. అంతకు ముందు ఏడు అతని భార్య కాన్పులో పోయింది, ఆ బిడ్డా దక్కలేదు. మిగిలింది అయిదేళ్ల కూతురు శాంత. ఇంట్లో చూసేవాళ్లు లేక, ఆ పిల్లను భుజం మీద ఎక్కించుకుని గనికి తెచ్చేవాడు. నిలబెట్టిన రెండు బండల నీడలో కూర్చోబెట్టి పని చేసుకునేవాడు. ఒకరోజు సుత్తి దెబ్బకు రాతి పెచ్చు ఎగిరి పిల్ల నొసటికి తగిలింది. పెద్ద గాయం కాదు గానీ రక్తం మొహమంతా కారింది. ఇస్రాయేలు సుత్తి అక్కడే పారేసి, పిల్లను ఎత్తుకుని వాడకు పరిగెత్తాడు. మొదట కనపడిన ఇల్లు ఎలిసమ్మది.

ఆమె పిల్లను అతని చేతుల్లోంచి లాక్కుంది. గాయం కడిగి, పసుపు అద్ది, తన పాత చీర కొంగు చించి కట్టింది. కట్టినంత సేపూ తండ్రిని తిడుతూనే ఉంది.

"బిడ్డను యాడ కూర్చోబెట్టాలో తెలీని మనిషివి, నీకు గనిలో పనెట్ల ఇచ్చినారప్పా? ఆ రాయి కంటికి తగిలుంటే ఏం చేస్తాంటివి?"

"ఇంట్లో ఎవరూ లేరు పెద్దమ్మా" అన్నాడు ఇస్రాయేలు. జకరయ్యను అతను అన్నా అని పిలిచేవాడు. ఆ వరసన ఎలిసమ్మ అతనికి పెద్దమ్మ.

"నేను లేనా? కండ్లకు కనపడ్లేదా? రేపట్నుంచి ఈ బిడ్డ ఈడ ఉంటాది. పొద్దున దింపు, మాపటేల తీసకపో."

మరుసటి రోజు నుంచి శాంత ఎలిసమ్మ ఇంట్లో పెరగడం మొదలుపెట్టింది. సొంత నాయనమ్మను పిలిచినట్టు జేజీ, జేజీ అంటూ ఆమె వెనకే తిరిగేది. ఎలిసమ్మ దానికి పాటలు నేర్పింది, జొన్నపిండితో బొమ్మలు చేసిపెట్టింది, అల్లరి చేస్తే తిట్టింది. ఆ పిల్ల తిట్లకు నవ్వేది. అంతకు ముందు పగలంతా మంచం మీద కూర్చొని కొడుకు సమాధి ఉన్న దిక్కు చూసే ముసలమ్మకు, ఇప్పుడు కూర్చునే తీరిక దొరకలేదు.

 దానికి బదులుగా ఇస్రాయేలు రోజూ తెల్లవారుజామున బేతంచెర్ల స్టేషన్ దగ్గరి బావి నుంచి కావడి కట్టుకొచ్చి, ఒక కడవ తన ఇంటికి, ఒక కడవ వీళ్ల గుమ్మం ముందు పెట్టిపోయేవాడు. ఆ ఎండల్లో కడవెడు మంచినీళ్లంటే మాటలు కాదు. సువార్తమ్మ తలుపు తీసేసరికి కడవ ఉండేది, మనిషి ఉండేవాడు కాదు.

ఆషాఢం దాటాక వాన పడింది. మొదటి రోజు ఎవరూ నమ్మలేదు. రెండో రోజు వాడలో పిల్లా పెద్దా వీధిలో నిలబడి తడిశారు. దాసన్న పట్టా ముక్కను ఆపకుండా మోగించాడు. గిడ్డమ్మ చేను వేసుకోవడానికి పోయింది, పైరు నిలదొక్కుకున్నాక మళ్లీ గనికి వచ్చింది. అక్టోబరులో కర్నూలు రాజధాని అయింది. అక్కడ కట్టుబడులు మొదలై బండలకు గిరాకీ పెరిగింది. గనుల్లోకి లారీలు వచ్చాయి. అందరికీ పని దొరికింది, ఇళ్లలో రెండు పూటలా పొయ్యి వెలిగింది.

అప్పుడొక సాయంత్రం గని నుంచి తిరిగొచ్చే దారిలో ఇస్రాయేలు వచ్చి సువార్తమ్మ పక్కన నడిచాడు.  వాడ దగ్గర పడ్డాక, "మా ఇంటి పైన బండలు మార్చినా" అన్నాడు.

"మంచి పని" అంది సువార్తమ్మ.

"ఇంగ ఇల్లు కురవదు."

"కురవకుంటే మంచిదే కదా."

"పక్కన ఒక అర్ర కూడా ఏసినా. ఇల్లు ఇప్పుడు నలుగురికి చాలుతాది."

సువార్తమ్మ అడుగు తడబడింది. అతనూ శాంతా కలిపి ఇద్దరే. మిగతా ఇద్దరెవరో అతను చెప్పలేదు, చెప్పే అవసరమూ లేకపోయింది. ఆమె తల మీది ఖాళీ గంప దింపి చంకన పెట్టుకుంది. మొహం వేడెక్కింది. సంతోషమో భయమో ఆమెకే తెలియలేదు.

"ఈ మాట నాతో అన్నావు, సరే. ఇంకెవరితోనూ అనొద్దు" అంది.

"తప్పుగా అడిగినానా?"

"తప్పు లేదు. నువ్వు మంచోడివని నాకు తెలుసు. కానీ మా అత్తకు కొడుకు పోయినాడు. ఆయన గుర్తుగా ఆమెకు మిగిలింది నేనొక్కదాన్నే. నేను ఇంకొకరి ఇంటికి పోయి ఆమె కండ్ల ముందర తిరిగితే ఆమెకెట్లుంటాది?"

"నలుగురికి అంటినే. పెద్దమ్మ కూడా..."

"ఆమె రాదు. రమ్మని నేనడగలేను. ఆ మాట అడిగితేనే ఆమె గుండె పగులుతాది."

ఇస్రాయేలు తల ఊపాడు. బతిమాలడం అతనికి రాదు. మరుసటి రోజు నుంచి దారిలో ఆమె పక్కకు రాలేదు. శాంతను పొద్దున గుమ్మం దగ్గర దింపి, లోపలికి చూడకుండా వెళ్లిపోయేవాడు. కడవ మాత్రం రోజూ వచ్చేది. సువార్తమ్మ ఆ కడవ ఎత్తుకుంటూ ఒక్కోసారి అలాగే నిలబడిపోయేది. ఎందుకు నిలబడ్డావని అత్త అడిగితే, నడుము పట్టిందని చెప్పేది.

డిసెంబరు వచ్చింది. క్రిస్మస్‌కు వాడంతా సున్నాలు కొట్టారు. మూడేళ్ల తర్వాత గుళ్లో రంగు కాగితాల తోరణాలు కట్టారు. పండగ అయిన మర్నాడు గిడ్డమ్మ తన చేని కొర్రలు చాటెడు తీసుకుని ఎలిసమ్మను చూడ్డానికి వచ్చింది. సువార్తమ్మ ఇంట్లో లేదు. శాంత వాకిట్లో ఆడుకుంటోంది. ఆ పిల్లను చూస్తూ గిడ్డమ్మ మాటల్లో మాటగా అనేసింది.

"ఈ పిల్ల ఎట్లాగూ నీ ఇంటి పిల్లే అయిపోయె. సువార్త ఆ పొద్దు ఊ అనుంటే ఇప్పటికి పెండ్లి కూడా అయిపోయేది. పాపం, నీ కోసమే వద్దనింది."

"ఎవరు? ఎవర్ని వద్దనింది?" అంది ఎలిసమ్మ.

గిడ్డమ్మ నాలుక కరుచుకుంది. కానీ ఎలిసమ్మ కళ్లు అడుగుతుంటే దాచడం ఎవరి వల్లా కాదు. గనిలో సువార్త తనతో చెప్పుకున్నదంతా చెప్పేసింది.

ఆ రోజు నుంచి ఎలిసమ్మ నోరు మెదపలేదు. అన్నంలో ఉప్పు లేకపోయినా ఊరుకుంది. పిడకలు తడిసినా ఊరుకుంది. సువార్తమ్మ హడలిపోయింది.

"ఒంట్లో బాగలేదా అత్తా?"

"బాగనే ఉండాది."

"నేనేమన్నా తప్పు చేసినానా?"

"పో, పోయి పని చూసుకో."

ఎలిసమ్మకు మొదట కోపం వచ్చింది. తనకు చెప్పకుండా ఇంత మాట దాచినందుకు కోపం. తర్వాత భయమేసింది. సువార్త ఊ అనివుంటే తానీ ఇంట్లో ఒక్కతే అయ్యేది కదా అనుకుంది. ఆ తర్వాత మెల్లగా సిగ్గు కలిగింది. రెండేళ్లుగా తన పొయ్యి వెలుగుతున్నది ఎవరి చేత్తోనో ఆమెకు తెలుసు. జమ్మలమడుగు బండి ఖాళీగా వెనక్కి పోయినప్పుడు తాను లోపల్లోపల సంతోషించిన సంగతీ తెలుసు. పగలంతా శాంతకు జడ వేస్తూ, పేలు చూస్తూ, దేవుడితో మాట్లాడుకుంది. పైకి వినపడని మాటలు ఆమె ఆయనతో మాత్రమే ఆడేది.

సంవత్సరం చివరి రోజు మధ్యాహ్నం, సువార్తమ్మ గనిలో ఉండగా, ఎలిసమ్మ కర్ర పట్టుకుని ఇస్రాయేలు ఇంటికి పోయింది. అతను ఆ రోజు సగం పూటకే ఇంటికి వచ్చి, గుడి వాకిలికి పరచాల్సిన బండ ఒకటి నగిషీ చేస్తున్నాడు. ముసలమ్మను చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు.

"శాంతకేమన్నా అయిందా పెద్దమ్మా?"

"శాంత బంగారంగా ఉండాది. నీ ఇల్లు చూద్దామని వచ్చినా. జరుగు."

ఆమె లోపలికి పోయింది. పైకప్పు బండలను కర్రతో ఒక్కొక్కటీ తట్టి చూసింది. కొత్తగా వేసిన అర్ర గోడలు తడిమింది. పొయ్యి ముందు వంగి, పొగ పోయే కంత చూసింది. ఇస్రాయేలు ఆమె వెనకే తిరిగాడు. 

"కురుస్తాదా?"

"కురవదు పెద్దమ్మా."

"నా మంచం యాడ ఏస్తావు?"

 ఇస్రాయేలు కొత్త అర్రలో కిటికీ ఉన్న మూలను చూపించాడు.

"ఆడ. పడమటి గాలి వస్తాది. ఎండాకాలం చల్లగుంటాది. ఆ కిటికీ... ఆ కిటికీ మీ కోసమే పెట్టినా."

ఎలిసమ్మ ఆ కిటికీ దగ్గర నిలబడి బయటకు చూసింది. అవతల గుడి గోడ, దాని పక్కన జకరయ్యను ఉంచిన స్థలం కనపడుతున్నాయి.  తిరిగినప్పుడు కళ్లు తడిగా ఉన్నాయి గానీ గొంతు ఎప్పటి గొంతే.

"కిటికీ పెట్టినోడివి, వచ్చి నన్నెందుకు అడగలేదప్పా? నేనేమన్నా పులినా?"

"అడగొద్దనింది" అన్నాడు ఇస్రాయేలు.

"ఆమె అంటాది. ఆమెకు నేను నేర్పింది అదే మరి, ఉండేదంతా మనసులో పెట్టుకునేది. రేపు పొద్దున గుడికి తలకు నూనె పెట్టుకొని రా. గనిలో మాదిరి రావద్దు."

అంతే చెప్పి వచ్చేసింది. ఆ సాయంత్రం కోడలికి ఏమీ చెప్పలేదు. జొన్న రొట్టె తింటూ, "ఉప్పు తక్కువైంది" అని మాత్రం అంది. సువార్తమ్మకు ప్రాణం లేచి వచ్చింది.

కొత్త సంవత్సరం తొలి పొద్దున సున్నపుగుంట గుళ్లో ఆరాధన జరగడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. దాసన్న ఒక్కొక్క ఇంటి పేరు పిలుస్తాడు. ఆ ఇంటి పెద్ద లేచి, గడిచిన ఏడాది దేవుడు తమకు చేసిన మేలు చెప్పి, కొత్త ఏడాదికి కావలసింది అడుగుతారు. అందరూ వాళ్ల కోసం ప్రార్థిస్తారు. 1954 జనవరి ఒకటిన గుడి కిక్కిరిసింది. కొందరికి కొత్త బట్టలు, మిగతావాళ్లకు ఉతికిన బట్టలు. ఇస్రాయేలు మగవాళ్ల వరసలో, నూనె కారేలా తల దువ్వుకుని కూర్చున్నాడు. శాంత ఎలిసమ్మ ఒళ్లో ఉంది.

మొదట దాసన్న నాలుగు మాటలు చెప్పాడు. "పోయిన మూడేండ్లు మనం ప్రతి కొత్త సంవత్సరానికి ఈడ కూర్చొని వాన కోసం అడిగినాం. ఒక్కొక్కసారి అడిగేదానికి కూడా ఓపిక లేకపోయె. మనం నిరీక్షణ అంటాం కదా. అంటే ఎదురుచూసేది. ఎవరూ రారని తెలిస్తే ఎవరూ ఎదురుచూడరు. వచ్చేవాడు ఉండాడు కాబట్టే ఎదురుచూస్తాం. ఇంగ మీరు చెప్పండి."

ఒక్కొక్క ఇల్లూ లేచింది. ఒకాయన తప్పిపోయిన మేక రెండు పిల్లలతో తిరిగొచ్చిందని చెప్పి కూర్చున్నాడు. ఒకామె గనిలో బండ జారినా భర్త కాలు దక్కిందని చెప్పి ఏడ్చింది. ఒక ముసలాయన, తన పక్కింటివాడితో పదేళ్ల తర్వాత మాటలు కలిశాయని చెబితే, ఆ పక్కింటాయన కూర్చున్న చోటి నుంచే, "ముందర నేనే మాట్లాడినా" అన్నాడు. అందరూ నవ్వారు.

"జకరయ్య ఇల్లు" అన్నాడు దాసన్న.

జకరయ్య పోయినప్పటి నుంచి సువార్తమ్మే లేచేది. ఈసారీ లేవబోతుంటే ఎలిసమ్మ ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టి, శాంతను ఆమె ఒళ్లోకి తోసి, తాను లేచింది. కర్ర ఆనించుకుని నిలబడి గుడంతా ఒకసారి చూసింది.

"పోయిన కొత్త సంవత్సరం నాడు నేనీ తావులోనే కూర్చొని, దేవా, ఇంగ చాలు, నన్ను తీసకపో అని అడిగినా. ఎవరికీ చెప్పలేదు. ఆయన వినలేదు. వినకపోవడమే మంచిదాయె. వినుంటే ఈ పిల్లకు జేజి లేకుండా పోయేది. ఆ వాన నేను చూసుండను. అందుకు ఆయనకు స్తోత్రం."

కర్రను ఇంకో చేతికి మార్చుకుంది.

"నా కొడుకు జకరయ్యను మళ్లీ చూస్తానని నాకు నమ్మకం. యేసయ్య లేచినాడు, వాడూ లేస్తాడు. వాడు పోయినంక, వాని గుర్తని నేనీ కోడల్ని గట్టిగా పట్టుకొని కూర్చున్నా. ఆమె కూడా నా కోసం కూర్చుండిపోయింది. మొన్న దేవుడు నన్నడిగినాడు. ఏమే ఎలిసమ్మా, నీ కొడుకు నా దగ్గర భద్రంగా ఉండాడు కదా, మళ్లీ వాణ్ణి నీ ఇంట్లో కట్టేసుకొని పెట్టుకునేదెందుకు అని. నేను జవాబు చెప్పలేకపోతి. రేపు నేనాడికి పోతే వాడు మొదట అడిగేది, సువార్తను ఎట్ల చూసుకున్నావమ్మా అనే కదా. అప్పుడు నేనేం చెప్పాల?"

 సువార్తమ్మ తల వంచుకుని, శాంత జడ పట్టుకుని కూర్చుంది.

"అందుకే ఈ ఏడు నేనడిగేది ఒక పెండ్లి. నా కోడలికి ఇస్రాయేలుతో పెండ్లి. అతను ఎప్పుడో అడిగినాడంట. వాడలో అందరికీ తెలిసినంక, చివర్న తెలిసింది నాకే."

గుడి ఒక్కసారిగా నవ్వింది. ఇస్రాయేలు తన కాళ్ల వైపు చూసుకుంటున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. దాసన్న చేయెత్తి అందరినీ సద్దు చేయొద్దన్నాడు.

"అమ్మా సువార్తమ్మా, నీ ఇష్టం నువ్వు చెప్పాల. ఎవరి కోసమూ చెప్పొద్దు."

సువార్తమ్మ లేచింది. ఇస్రాయేలు వైపు చూడలేదు. అత్త ముఖంలోకి చూసింది. అక్కడ బాధ ఎక్కడైనా దాగుందేమోనని వెతికింది. రెండేళ్ల నుంచి ఆ ముఖాన్ని రోజూ చదువుతున్న మనిషి ఆమె. అక్కడ ఇప్పుడు ఉన్నది తొందర మాత్రమే. పెళ్లి పనులు మొదలుపెట్టాలన్న తొందర.

"నువ్వు మాతో వస్తావా అత్తా?"

"నిన్ననే పోయి నా మంచానికి తావు చూసొచ్చినా. నువ్వు రాకున్నా నేను పోతా" అంది ఎలిసమ్మ.

సువార్తమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత దాసన్న వైపు తిరిగి, "నాకిష్టమే" అంది. గొంతు చిన్నగానే ఉంది గానీ వెనక వరసలో ఉన్నవాళ్లకూ వినపడింది.

ఇస్రాయేలును లేపితే, అతను నిలబడి, "నాక్కూడా" అని కూర్చున్నాడు. దాసన్న ఇద్దరినీ ముందుకు పిలిచి తల మీద చేతులు ఉంచి ప్రార్థించాడు. పోయినవాళ్లను తన దగ్గర ఉంచుకుని, ఉన్నవాళ్లను ఒకరి దగ్గర ఒకరిని ఉంచినందుకు దేవునికి వందనాలు చెప్పాడు. కొత్త ఏడు ఏమి తెస్తుందో తమకు తెలియదనీ, దాన్ని తెచ్చేవాడు తెలుసు గనుక భయం లేదనీ అన్నాడు. ఆమెన్ అన్న మాట బండల కప్పుకు తగిలి మోగింది.

ఆ మధ్యాహ్నం గుడి ముందు అందరూ కలిసి తిన్నారు. మేక సియ్యల కూర, కొర్రన్నం, చివర్లో బెల్లం పాశెం. గిడ్డమ్మ కూడా వచ్చింది. మూడేళ్లలో సువార్తమ్మ అంత కడుపు నిండా తిన్న రోజు లేదు. శాంత ఆమె పక్కనే కూర్చొని, "ఇంగ నేను మాపటేల మా ఇంటికి పోయే పని లేదా?" అని అడిగింది. "మనమందరమూ మీ ఇంటికే పోతాం" అని చెబితే, కాసేపు ఆలోచించి, "జేజి తిట్లు కూడానా?" అంది.

మూడు ఆదివారాలు గుళ్లో పెళ్లి ప్రకటన చదివారు. సువార్తమ్మ అన్నకు కబురు పోతే, జమ్మలమడుగు నుంచి మళ్లీ బండి కట్టుకుని వచ్చాడు. ఈసారి బండిలో చీర, రవిక, అరటి గెల, ఇద్దరు పిల్లలు, భార్య కూడా ఉన్నారు. వచ్చీ రాగానే ఎలిసమ్మ కాళ్లకు దండం పెట్టాడు. ఆమె, "ఎద్దులకు నీళ్లు పెట్టుపో" అంది.

పెళ్లి బేతంచెర్ల గుళ్లో, నంద్యాల నుంచి వచ్చిన పాస్టరుగారి చేతుల మీదుగా జరగాలి. ఆ పొద్దున బండలు దించి ఖాళీగా గనికి తిరిగి పోతున్న లారీ డ్రైవరు మస్తాన్, పెళ్లివాళ్లని తెలిసి లారీని బేతంచెర్ల వైపు తిప్పి అందరినీ ఎక్కమన్నాడు. వాడ వాడంతా వెనక ఎక్కింది. ఇస్రాయేలు కొత్త పంచెలో, సువార్తమ్మ తెల్ల చీరలో, ఒకరికొకరు తగలకుండా నిలబడటానికి తంటాలు పడ్డారు. దారిలో గుంటలు వాళ్లను ఊరికే వదల్లేదు.

ఎలిసమ్మను మాత్రం మస్తాన్ ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఆమె ఎన్నడూ లారీ ఎక్కలేదు. కర్రను రెండు మోకాళ్ల మధ్య పెట్టుకుని, ఒక చేత్తో తలుపును, ఒక చేత్తో శాంతను పట్టుకుంది.

"భయపడొద్దవ్వా, మెల్లగా పోతా" అన్నాడు మస్తాన్.

"మెల్లగా ఎందుకప్పా? పెండ్లికి ఆలస్యమైతాది. బిన్నా పోనీ" అంది ఎలిసమ్మ.

రెండు పక్కలా చేలు కనపడుతున్నాయి. జొన్న కంకులు బరువుకు వంగి ఉన్నాయి. వెనక ఎవరో పాట ఎత్తుకున్నారు. లారీ శబ్దంలో సగం మాటలు వినపడలేదు. ఎలిసమ్మకు అవసరం లేకపోయింది, ఆ పాట ఆమెకు వచ్చు. గొంతెత్తి అందుకుంది. శాంత కూడా అందుకుంది. బేతంచెర్ల స్టేషన్ కనపడేదాకా వాళ్లిద్దరూ పాడుతూనే ఉన్నారు.